ఒంటి మనిషి నడిపే సాఫ్ట్‌వేరు, మన పాత మాటలు



మన పెద్దవాళ్ళ మాటలను ఇప్పుడు కాగితం మీద కంటే ఫోన్లోనే ఎక్కువ దాచుకుంటున్నాం. హోసూరు, కృష్ణగిరి వైపు మొరసునాటి పల్లెల్లో ముసలివాళ్ళు వాడే మాటలు పోగుచేసేవాళ్ళు ఉండారు. సంతోషమే. అయితే ఆ మాటలను టైపు చేసే పనిముట్లు, వెదికే పనిముట్లు ఎవరు చేసి పెడతా ఉండారు? చాలావరకు ఒంటి మనుషులు. వెనక కంపెనీ ఉండదు, జీతం ఉండదు. పగలు వేరే ఉద్యోగం, రాత్రి ఈ పని. వాళ్ళు చేసినదాన్నే మళ్ళీ మళ్ళీ ఎందుకు మారుస్తుంటారో, అందులో మన పాత్ర ఏమిటో చెప్తాను. నేను చదివింది బీకాం, చేసింది బ్యాంకు ఉద్యోగం. కాబట్టి లెక్కల భాషలోనే చెప్పగలను.

తెలుగులో ఇట్లాంటి పనికి పేరున్న ఉదాహరణలు రెండు. ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు మన దగ్గర లేకపోతే తెర మీద పిచ్చిగీతలు కనిపించేవి. దాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపడానికి నాగార్జున వెన్న ‘పద్మ’ అనే ప్రోగ్రాము చేసినారు. అప్పట్లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించుకుంటే సరిపోయేది. ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తే తెలుగు వచ్చే ‘లేఖిని’ని వీవెన్ చేసినారు. తెలుగు బ్లాగులు మొదలైన రోజుల్లో ఎంతోమంది చేతికి తెలుగు రాత వచ్చింది దీనివల్లే.

ఒకసారి చేసి పెడితే అయిపోయింది కదా, మళ్ళీ అప్‌డేట్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. ప్రోగ్రాము కదలకపోయినా దాని కింద నేల కదులుతుంది. మన యాసకు సంబంధించిన అక్షరంతోనే చూద్దాం.

‘చెట్టు’, ‘చాప’ రెండూ మనం చ తోనే రాస్తాం. చాలాచోట్ల పలికేటప్పుడు మాత్రం తేడా ఉంది. ‘చాప’ అనేటప్పుడు నాలుక పండ్లకు తగులుతుంది. దాన్నే దంత్య చకారం అంటారు. ఏ ఊర్లో ఏ ‘చ’ పలుకుతారో చూపించాలంటే ౘ అని వేరే అక్షరం కావాలి. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది, మన ఖాతా నంబరు మాదిరి. తెలుగుకు 128 గళ్ళు కేటాయించినారు. అందులో ౘ, ౙ లకు చోటు దొరికింది 2008లో, యూనికోడ్ 5.1తో. అంతకుముందే పుట్టిన టైపింగు పనిముట్టుకు ఈ అక్షరాలు తెలిసే వీలే లేదు.

ఇప్పుడు ఈ ఒక్క అక్షరానికి ఒంటి మనిషి చేయాల్సిన పని లెక్కపెట్టండి. ఏ మీట నొక్కితే ౘ రావాలో చెప్పాలి. ఫాంటులో దాని రూపం లేకపోతే ఖాళీ డబ్బా కనిపిస్తుంది గనక ఫాంటు చూసుకోవాలి. ‘చాప’ అని వెదికితే ‘ౘాప’ దొరకదు, కంప్యూటరుకు అవి రెండు వేరే మాటలు. అకారాది వరస ఇంకా చిక్కు. ౘ నంబరు హ తర్వాత పడింది. నంబరు వరసనే నమ్ముకుంటే నిఘంటువులో ‘ౘాప’ పోయి ‘హారతి’ కింద కూర్చుంటుంది. చ పక్కనే పెట్టమని విడిగా సూత్రం రాయాలి. 2014లో ఴ వచ్చింది. పాత శాసనాల అక్షరం, ‘తమిఴ్’ అనేటప్పుడు చివర పలికేది. దాని నంబరు ళ, వ ల మధ్యలోనే పడింది కాబట్టి వరస చిక్కు లేదు. మీట, ఫాంటు పని మాత్రం తప్పదు.

బ్రౌజర్లు కూడా మారతాయి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత పద్ధతిలో రాసిన యాడాన్లన్నీ అందులో పనిచేయడం మానేసినాయి. కొత్త పద్ధతిలో తిరిగి రాసినవే బతికినాయి.

ఇన్ని మార్పులు చేసేవాడు లెక్క తప్పకుండా ఎట్లా ఉంటాడు? దానికి ‘గిట్’ అనే పనిముట్టు ఉంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. ఇది అచ్చంగా మా లెడ్జరే. ఏ తేదీన, ఎవరు, ఏ వరస మార్చినారు, ఎందుకు మార్చినారు అన్నది ఎంట్రీగా పడుతుంది. ఒక మార్పు వద్దనుకుంటే పాత ఎంట్రీ చెరపకుండా, దానికి ఎదురు ఎంట్రీ వేసే వీలుంది. బ్యాంకులో తప్పు జమను రివర్స్ చేసినట్టే. పదేళ్ళ తర్వాత ఇంకొకరు వచ్చినా చరిత్ర చదువుకుని పని అందుకోవచ్చు.

అయితే నాకు భయం వేసేది తాళం చెవుల దగ్గర. బ్యాంకు స్ట్రాంగ్‌రూము ఒక్కరి చెవితో తెరుచుకోదు. ఇద్దరు ఆఫీసర్ల దగ్గర రెండు చెవులు ఉంటాయి. ఒంటి మనిషి సాఫ్ట్‌వేరుకు వెబ్‌సైటు పేరు, సర్వరు, పాస్‌వర్డు అన్నీ ఒక్కరి చేతిలోనే. ఆయనకు జబ్బు చేసినా, ఉద్యోగం మారి తీరిక లేకపోయినా, ఏటా కట్టే డొమైన్ రుసుము ఒకసారి మరిచినా సైటు మూతపడుతుంది. మన అవ్వల మాటలు అందులోనే ఉంటే వాటితోపాటు పోతాయి.

కాబట్టి వాడుకునే మనం చేయాల్సినవి కొన్ని ఉండాయి. మాటల పట్టీని సైటులోనే వదిలేయకుండా, యూనికోడ్‌లో సాదా టెక్స్టు ఫైలుగా ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచుకోవాలి. ప్రోగ్రాము పోయినా మాటలు మిగులుతాయి. సైటు నడిపేవారిని రెండో చెవి నమ్మకమైన ఇంకొకరికి ఇమ్మని అడగాలి. డొమైన్ రుసుములో వంతు వేసుకోవాలి. తప్పు కనిపిస్తే ‘మీది పనిచేయలేదు’ అని ఊరుకోకూడదు. ఏ ఫోను, ఏ బ్రౌజరు, ఏ మాట కొట్టినాం, ఏం రావాలి, ఏం వచ్చింది అని రాస్తే ఆయనకు రాత్రి రెండు గంటల పని మిగులుతుంది.

ఇంకొక్క మాట. మీ ఇండ్లలో పాత డీటీపీ ఫాంటులో కొట్టిన సామెతలు, పాటలు, పెండ్లి పిలుపుల ఫైళ్ళు ఉంటే ముందు ఆ ఫాంటు పేరు పక్కన రాసి పెట్టండి. ఏ ఫాంటో తెలిస్తే యూనికోడ్‌లోకి మార్చే దారి దొరుకుతుంది. తెలియకపోతే అవి పిచ్చిగీతలుగానే మిగులుతాయి.