చెరసాల ఎంత పెద్దది కావాలి?

జైళ్లు చాలడం లేదు, ఇంకా కట్టాలి అనే మాట మనం తరచుగా వింటుంటాము. ఎన్ని గదులు, ఎలాంటి గదులు అన్నది ఇంజినీర్ల పని అని ఊరుకుంటాము. ఒక పాత జైలు చరిత్ర చూస్తే అది మనందరి ప్రశ్న అని తెలుస్తుంది.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1829లో ఈస్టర్న్ స్టేట్ అనే జైలు తెరిచారు. దీని వెనుక క్వేకర్లు అనే క్రైస్తవుల ఆలోచన ఉంది. అంతకుముందు చిన్నా పెద్దా తేడా లేకుండా ఖైదీలందరినీ ఒకేచోట కుక్కేవారు. అది మాన్పించాలని వారు కోరారు. మనిషికొక గది, వెలుతురుకు పైకప్పులో చిన్న కిటికీ, చేతికి పని, చదువుకోను బైబిలు. ఒంటరిగా ఉంటే పశ్చాత్తాపపడతాడని నమ్మారు. బండిచక్రం ఆకుల్లా ఏడు వరుసల్లో గదులు కట్టారు. మొదట అనుకున్నది 250 మందికే.

ఖైదీ గది దాటితే ముఖానికి ముసుగు వేసేవారు. 1842లో ఆ జైలు చూసిన రచయిత చార్లెస్ డికెన్స్, ఈ ఏకాంతం దేహహింసకన్నా ఘోరమని రాశాడు. పోనుపోను ఖైదీలు పెరిగి, ఒక్కరి గదిలో ఒకరికి మించి ఉంచవలసి వచ్చింది. 1913లో ఏకాంత పద్ధతిని మానుకున్నారు. 1971లో జైలే మూతపడింది.

మంచి మనసుతో కట్టినా, మనిషికి మనిషి తోడు కావాలన్న సంగతి మరచిన గది మేలు చేయలేదు. ఎంత కట్టినా, వచ్చేవారు తగ్గకపోతే చాలదు.

మన దేశంలో 2022 చివరికి జైళ్లలో చోటు 4,36,266 మందికి. ఉన్నవారు 5,73,220 మంది. వారిలో 4,34,302 మంది ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు! వీరి కేసులు త్వరగా తేలితే, బెయిలుకు అర్హులైనవారికి బెయిలు దొరికితే, ఉన్న గదులే మిగులుతాయి. మిగిలినవారికి అనంతపురం, చర్లపల్లిలలో ఉన్నట్టు పొలం పనిచేసే ఆరుబయలు జైళ్లు మరికొన్ని ఏర్పరచవచ్చు.

మన ఊరివారు ఎవరైనా విచారణ ఖైదీగా ఉంటే మనం చేయగలిగింది ఉంది. 2024 జూలై నుండి అమలైన చట్టం ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపల గడిపితే బెయిలుపై విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడగల నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. ఖైదీకి వకీలును ఉచితంగా ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆ కుటుంబానికి ఈ మాట చెప్పి, వెంట వెళ్లి దరఖాస్తు రాయించడం కూడా చెరసాలలో ఉన్నవారిని దర్శించడమే.