వాన ఒకటే.. తాళ్లా? కుక్కలా? కుండలా?

'ఇల్ ప్లూ దే కోర్డ్'. ఈ ఫ్రెంచ్ మాటను పదం పదం విప్పితే 'తాళ్లు కురుస్తున్నాయి' అని వస్తుంది. అదే వానను చూసి ఇంగ్లిష్‌వాళ్లు పిల్లులూ కుక్కలూ పడుతున్నాయంటారు. మనం కుండపోత అంటాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురంలోనూ ఆ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫ్రెంచ్ నేర్చుకుని ట్రాన్స్‌లేటర్ అవ్వాలనుందా? దారులున్నాయి. అనంతపురంలోనే ఆర్డీటీ విదేశీ భాషల స్కూల్ గ్రామీణ గ్రాడ్యుయేట్లకు ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్ నేర్పిస్తూ వచ్చింది. హైదరాబాద్ ఇఫ్లూలో ఫ్రెంచ్‌లో బీఏ, ఎంఏ ఉన్నాయి. వ్యాకరణం క్లాసులో వచ్చేస్తుంది. మీ సత్తా తేలేది మాత్రం ఇలాంటి పోలికల దగ్గరే.

అరిగిన మాటా.. కొత్త బొమ్మా?

ముందు ఈ ప్రశ్న వేసుకోండి. 'తాళ్ల వాన' ఫ్రెంచ్‌వాళ్ల నోట్లో ఎప్పుడో అరిగిపోయింది. విన్నవాళ్లకు తాడు కనిపించదు, జోరు మాత్రమే తెలుస్తుంది. దాన్ని ఇంగ్లిష్‌లోకి 'రెయినింగ్ రోప్స్' అని దించితే చదివేవాళ్లు టక్కున ఆగిపోతారు. ఇక్కడ బొమ్మను వదిలేయండి. 'పోరింగ్' అంటే చాలు.

షార్ల్ బోద్‌లేర్ దగ్గర లెక్క మారుతుంది. 1857లో వచ్చిన 'లే ఫ్లర్ ద్యు మాల్'లో 'స్ప్లీన్' పేరుతో ఉన్న ఒక కవితలో ఆయన వాన ధారల్ని జైలు ఊచలతో పోల్చాడు. ఇది వాడుక మాట కాదు, కవి సొంత ఊహ. 'హెవీ రెయిన్' అని చదును చేస్తే కవితలోని ఖైదే మాయమైపోతుంది. మబ్బు కోసం ఆకాశం వంక చూసే సీమవాళ్లకు వాన జైలులా అనిపించడం వింతే. కానీ ఆ వింతను ఉన్నదున్నట్టు దాటించడమే మీ పని. మన ఇష్టం కొద్దీ వానను వరంగా మార్చకూడదు.

సాధన ఇంట్లోనే..

* వేరుశనగ విత్తడానికి సరిపడా నేల తడిస్తే మన రైతు 'పదునైంది' అంటాడు. నిఘంటువు చూసి 'షార్ప్' అని రాస్తే అర్థం బోల్తా పడుతుంది. ఇలాంటి ఇంటి మాటలు పది రాసుకుని ఇంగ్లిష్‌లో పెట్టి చూడండి.
* ఒక ఫ్రెంచ్ పేరా తీసుకోండి. ప్రతి పోలిక పక్కన 'అరిగింది', 'కొత్తది' అని గుర్తు పెట్టండి. ఆ తర్వాతే అనువాదం మొదలుపెట్టండి.
* మెషీన్ ట్రాన్స్‌లేషన్ ఇచ్చిన వాక్యంతో మీ వాక్యాన్ని పోల్చండి. ఎక్కడ, ఎందుకు మార్చారో ఒక్క లైన్‌లో రాయండి. ఇంటర్వ్యూలో చూపించడానికి ఇదే మీ పోర్ట్‌ఫోలియో.

ఒక్కమాట. సాహిత్య అనువాదం ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవడం కష్టం. డెల్ఫ్ బీ2 స్థాయి అందుకుని, ముందు ఫ్రెంచ్ కస్టమర్ సపోర్ట్, లోకలైజేషన్ లాంటి ఉద్యోగాలకు ప్రయత్నించండి. సాయంత్రాలు బోద్‌లేర్‌కి ఇవ్వండి.