ఇల్లు వెంట తీసుకుపోవాలంటే

పిల్లలూ! నత్తకు ఇల్లు వీపుమీదే ఉంటుంది. తాబేలుకూ అంతే. "మనకూ అట్లా ఇల్లు వెంట వస్తే ఎంత బాగుండును!" అని మీరెప్పుడైనా అనుకున్నారా? నేను బడిలో పాఠం చెప్పే రోజుల్లో ఈ ప్రశ్న వేస్తే లేవని చెయ్యి ఉండేది కాదు.

పోయిన ఏడు ఏప్రిల్ నెలలో, నా దగ్గర చదువుకున్న ఒకతను భార్యనూ, తొమ్మిదేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని అనంతపురంలో మా ఇంటికి వచ్చాడు. అతనికి బెంగుళూరులో ఉద్యోగం. ఆ పని ఎక్కడ కూర్చున్నా చెయ్యవచ్చునట. అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఏడాది పొడుగునా బండిలోనే కాపురముండి దేశమంతా తిరగాలని అతని కోరిక. ఇలాంటి బండిని ఇప్పుడు కారవాన్ అంటున్నారు. అది పారశీకం నుంచి వచ్చిన మాట. మొదట్లో ఆ మాటకు బండి అనే అర్థమే లేదు. కలిసి దూరప్రయాణం చేసే మనుషుల, పశువుల గుంపు అని అర్థం.

అతను నాకు నాలుగు బొమ్మలు చూపించాడు. ఒకటి పాత బస్సు. లోపల మంచాలు, వంటగది, స్నానాల గది. రెండోది కారు వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల గది. మూడోది ఎత్తయిన వ్యాను. నాలుగోది జీపు, దాని నెత్తిమీద గుడారం.

"దాచుకున్న డబ్బంతా దీనిమీదే పెడుతున్నాను, సార్. ఏది కొనమంటారు?" అన్నాడు.

"నాకు మోటారు బళ్ళ సంగతి తెలియదు నాయనా! ఎద్దులబళ్ళ సంగతి కొంచెం తెలుసు. అక్కణ్ణించి మొదలుపెడదాం," అన్నాను. ఆ రోజు అతనికి చెప్పిందే మీకూ చెబుతాను.

1966లో నాకు ఎనిమిదేళ్ళు. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, గూడుబండి కట్టించి మమ్మల్ని కదిరి తేరుకు తీసుకుపోయాడు. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. వెదురు బద్దలు వంచి, పైన చాపలు కుట్టిన గూడు. అడుగున మందంగా జొన్నచొప్ప, దానిమీద దుప్పటి. రాత్రి మేం దానిమీద పడుకునేవాళ్ళం. పగలు అందులోంచే తీసి ఎద్దులకు వేసేవాళ్ళం. తిరుగు ప్రయాణంలో మా పరుపు సగమయింది! ఇరుసుకు కందెన నింపిన వెదురు గొట్టం వేలాడుతూండేది. నీళ్ళ కడవలో వేపమండ వేశారు. ఎందుకో చెప్పగలరా? బండి కుదిపినప్పుడు నీళ్ళు అలలు లేచి ఒలికిపోకుండా ఆ మండ ఆపుతుంది.

మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. మా చిన్నాయన బియ్యం మూట, శనక్కాయల మూట, వంటపాత్రలు అన్నీ బండి వెనక భాగాన వేశాడు. మిట్ట ఎక్కేసరికి బండి వెనక్కి వాలింది. ముందు కాడి పైకి లేచింది. కాడికి కట్టిన పలుపులు ఎద్దుల గొంతుకు బిగుసుకుని అవి గుడ్లు తేలేశాయి. జేజినాయన దూకి, మూటలు దించి, ఇరుసు మీదికి వచ్చేటట్టు సర్దాడు. తర్వాత కాడిని చేత్తో ఎత్తి చూసి, ఇంకో చిన్న మూట ముందుకు జరిపాడు. "మెడమీద మనిషి చెయ్యేసినంత బరువుండాల. అంతకు తక్కువైతే ఉరి, ఎక్కువైతే పుండు," అన్నాడు.

ఇది ఊగే బల్ల లెక్కే, పిల్లలూ! ఇరుసు మధ్యలో ఉంటుంది. ఒక పక్క బరువైతే రెండోపక్క లేస్తుంది. కారు వెనక తగిలించే చక్రాల గదికీ ఇదే సూత్రం. దానిలో వెనక బరువు ఎక్కువైతే, వేగంగా పోయేటప్పుడు అది పాము తోకలాగా అటూ ఇటూ ఊగి, కారునే ఈడ్చి పడేస్తుంది. ఎద్దు అయితే ఆగి నిలబడి చెబుతుంది. కారు చెప్పదు.

ఇక మన జిల్లాలోనే, ఎద్దులుండీ బండి వద్దనుకున్నవాళ్ళున్నారు. వాళ్ళు సుగాలీలు. లంబాడీలన్నా, బంజారాలన్నా వాళ్ళే. వాళ్ళు పూజించే సేవాలాల్ మహరాజు 1739లో మన గుత్తి దగ్గర పుట్టాడని వాళ్ళ నమ్మకం. ఏటా ఫిబ్రవరిలో ఆయన జయంతికి గుత్తి దగ్గరి సేవాగఢ్‌కు ఎన్నో రాష్ట్రాల నుంచి జనం వస్తారు. ఈనాడు తాండా అంటే సుగాలీల పల్లె. పూర్వం తాండా అంటే ఒకచోట నిలవనిది! పెళ్ళాం పిల్లలతో, వేలకొద్దీ ఎద్దులతో కదిలిపోయే బిడారు. సముద్రతీరం నుంచి ఉప్పు లోపలి దేశాలకు, అక్కడి ధాన్యం ఇంకో చోటికి మోసేవారు. పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు 1632లో ఆగ్రా నుంచి పాట్నా పోతూ ఒక తాండాను చూశాడు. అందులో ఉన్న ఎద్దులు 14,000 అని రాసిపెట్టాడు. ఎద్దుకు వంద కిలోల చొప్పునే వేసుకున్నా 14 లక్షల కిలోలు! పది టన్నుల లారీలు ఎన్ని కావాలో మీరే లెక్క వెయ్యండి.

వాళ్ళు సరుకు వేసేది బండిలో కాదు, పెరికలో. పెరిక అంటే ఎద్దు వీపుకు అటూ ఇటూ సమంగా వేలాడే జంట సంచి. ఇక్కడ ఆ పాప ఒక మంచి ప్రశ్న వేసింది: "తాతా, ఒక ఎద్దు వీపుమీద వంద కిలోలే మోస్తే, అదే ఎద్దు బండికి కడితే ఎంత లాగుతుంది?" మంచి బాటమీద నాలుగైదు వందల కిలోలు లాగుతుంది. అంటే నాలుగింతలకు తక్కువ కాదు. మరి సుగాలీలు లెక్క రానివాళ్ళా?

కాదు. నేను అన్న మాట మళ్ళీ చూడండి: "మంచి బాటమీద". ఆ కాలంలో బాటలెక్కడివి? కనమలు, వాగులు, వానపడితే మోకాలిలోతు దిగబడే నల్లరేగడి. చక్రానికి బాట కావాలి, గిట్టకు అక్కరలేదు. ఇరుకు కనమలో ఒక బండి ఇరుసు విరిగితే వెనకున్న బళ్ళన్నీ ఆగిపోవలసిందే. ఒక ఎద్దు కుంటితే దాని పెరిక ఇంకోదానికి మార్చి కదిలిపోవచ్చు. పైగా మేత మొయ్యనక్కర లేదు. ఎద్దులు దారిలో మేసుకుంటూ పోతాయి. అందుకే మండీ చూసిన తాండా రోజుకు ఆరేడు మైళ్ళకు మించి నడిచేది కాదు. రాత్రి పెరికలన్నీ దించి గోడలాగా పేర్చుకుని, దాని చాటున పడుకునేవారు. చూశారా, మోసే సరుకే ఇంటికి గోడ!

1871లో మద్రాసు నుంచి గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలుదారి పూర్తయింది. రైలుతో పెరిక ఎద్దు ఏం పోటీ పడగలదు? మెల్లమెల్లగా ఆ వర్తకం పోయింది. తాండాలు ఒకచోట నిలిచిపోయాయి. అదే 1871లో ఆంగ్ల ప్రభుత్వం ఒక చెడ్డ చట్టం తెచ్చింది. కొన్ని జాతులవాళ్ళను పుట్టుకతోనే నేరస్తులుగా ఎంచే చట్టం అది. 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. తిరిగి బతికే జాతులు ఎన్నో దాని కింద పడ్డాయి. వాళ్ళు పోలీసుల దగ్గర పేర్లు రాయించుకోవాలి, హాజరు పలకాలి. స్వతంత్రం వచ్చాక 1952లో దాన్ని రద్దు చేశారు. ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, నా విద్యార్థి "బండి ఎక్కడైనా ఆపుకోవచ్చు కదా సార్" అన్నాడు. అతని బండిని చూస్తే జనం ఫోటోలు తీసుకుంటారు. తిరిగేవాళ్ళందరికీ ఆ మర్యాద దొరకలేదు.

మన కురుబ గొర్రెలకాపరులను మీరు చూసే ఉంటారు. ఇక్కడ మేత అయిపోగానే మందను కాలువకింద పొలాలకు తోలుకుపోతారు. రైతు పొలంలో రాత్రి మంద నిలిపితే ఎరువవుతుంది. అందుకు రైతు డబ్బో గింజలో ఇస్తాడు. వాళ్ళ ఇల్లంతా రెండు మూడు గాడిదల మీద పడుతుంది: కంబళ్ళు, వల, గిన్నెలు, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు. ఇప్పుడు కొందరు చిన్న లారీ పెట్టుకుంటున్నారనుకోండి.

సరదా కోసమే ఇల్లు కట్టుకుని తిరిగినవాళ్ళు ఇంగ్లండులో ముందు బయలుదేరారు. గార్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు 1885లో ఒక కొయ్య ఇల్లు చక్రాలమీద చేయించుకున్నాడు. దాని బరువు సుమారు రెండు టన్నులు. రెండు గుర్రాలు లాగాలి. ఇరుకు దారుల్లో ఎదురు వచ్చేవాళ్ళను హెచ్చరించడానికి నౌకరు మూడుచక్రాల సైకిలు మీద ముందు పోయేవాడు! ఇల్లు గొప్పదే. కాని ఇంటికోసం ఇంకో మనిషి కావలసివచ్చాడు. బస్సు బొమ్మ చూసినప్పుడు నాకు ఆయనే గుర్తుకువచ్చాడు. మన పల్లె వీధుల్లో కొమ్మలు, కిందికి జారిన కరెంటు తీగలు, రైలు వంతెనల కింద తగ్గు దారులు ఉంటాయి. బస్సు ముందు ఎవర్ని నడిపిస్తారు?

ఇక నీళ్ళ లెక్క. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. అదీ సరిగా పడితే. తాగడం, వంట, గిన్నెలు, ఒక చెంబు స్నానం కలిపి మనిషికి రోజుకు 20 లీటర్లు అనుకుందాం. ముగ్గురికి 60. మూడు రోజులకు 180 లీటర్లు. లీటరు నీరు ఒక కిలో తూగుతుంది కదా! అంటే 180 కిలోలు. ఆ తొట్టి ఎక్కడ పెట్టాలి? నెత్తిమీద పెడితే మలుపులో బండి ఒరుగుతుంది. కింద, ఇరుసుల మధ్య పెట్టాలి. తొట్టి లోపల అడ్డుపలకలు ఉండాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు నీరంతా ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మా కడవలోని వేపమండ చేసిన పనే ఆ పలకలూ చేస్తాయి. ఇంకో సంగతి. మన వైపు చాలా బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంటుంది. కాచితే క్రిములు చస్తాయి కాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కనక తొట్టి ఎంత పెద్దదన్నదే కాదు, ఏ ఊళ్ళో నింపుతామన్నదీ ముందే చూసుకోవాలి.

వేడి సంగతి మీరే పరీక్షించి చూడవచ్చు. రెండు ఖాళీ రేకుడబ్బాలు ఎండలో పెట్టండి. ఒకదానికి నాలుగు వేళ్ళ ఎత్తున చాపముక్కతో పందిరి వెయ్యండి. గంట తర్వాత పెద్దవాళ్ళ చేత ముట్టించి చూడండి.

ఇదంతా చెప్పి, "కొనవద్దు. ముందు అద్దెకు ఒక బండి తెచ్చి పది రోజులు ఉండి చూడండి," అన్నాను. అతనికి కొంచెం కోపం వచ్చింది. నాకూ వచ్చింది, ఎందుకంటే పిల్ల ఐదో తరగతి చదువు ఏం చేస్తావన్న మాటకు అతను సరిగా జవాబు చెప్పలేదు. వాళ్ళమ్మే, "నేను చెబుతాను సార్, నెలనెలా మీరు పరీక్ష పెట్టండి," అంది.

అద్దెకు వ్యాను తెచ్చుకుని గుత్తి, తాడిపత్రి మీదుగా బయలుదేరారు. పది రోజులకని పోయినవాళ్ళు ఆరో రోజే వచ్చారు. పాప ముఖమంతా చెమటకాయలు. నీళ్ళు రెండో రోజు సాయంత్రానికే అయిపోయాయట. పగలు లోపల కూర్చోలేక చింతచెట్ల కింద గడిపారట.

"అయితే మానేశారా?" అని అడిగాను. మానలేదు. పాత బస్సు వద్దనుకున్నారు. స్నానాల గది తీసేసి, తొట్టి పెద్దది చేసి, చిన్న వ్యాను ఒకటి పాతది కొన్నారు. నెత్తిమీద చాప పందిరికి నాలుగు కమ్ములు బిగించారు. ఎండాకాలం మాని, వానలు వెనకపట్టాక, అక్టోబరులో బయలుదేరాలని నిర్ణయించారు. మనిషికి పది కిలోల సామాను. పాప తన వస్తువులన్నీ మా ఇంటికి తెచ్చి తూచింది. పధ్నాలుగు కిలోలు వచ్చాయి. రంగుల పెట్టె, రోలరు బూట్లు, మూడు లావు పుస్తకాలు నా బీరువాలో పెట్టి వెళ్ళింది. ఒక పుస్తకం మాత్రం మళ్ళీ వచ్చి తీసుకుంది.

డిసెంబరులో బళ్ళారి వైపు నుంచి ఆ పిల్ల కార్డు రాసింది: "తాతా, తుంగభద్ర కాలువ దగ్గర ఆగాం. తొట్టిలో 40 లీటర్లున్నాయి. నేనే కొలిచాను. పక్క పొలంలో మంద ఆగింది. వాళ్ళ గాడిద మీద సంచిలో రెండు గొర్రెపిల్లలు తలలు బయటపెట్టి చూస్తున్నాయి. ఆ తాతది అనంతపురమేనట. మా బండి లోపల చూసి, 'ఇంత సామాను ఎందుకు పాపా?' అన్నాడు."