అక్వేరియం అడుగును తూర్పారపట్టే గొట్టం

1849లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజుతొట్టి అడుగున ఇసుక, మట్టి పరిచి, వాలిస్‌నేరియా మొక్క నాటి, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. మొక్క వదిలే ఆక్సిజన్‌తో చేపలు, చేపలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌తో మొక్క బతుకుతాయని ఆయన అంచనా. బతికాయి కూడా. కానీ కొన్నాళ్లకు ముదురాకులు కుళ్లి నీళ్లు పాడయ్యాయి. అప్పుడాయన చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకుల్ని తినేసి నీటిని తేటపరిచాయి. మొక్కల అక్వేరియంతోపాటే దాని అడుగును శుభ్రం చేసే సమస్యా పుట్టింది.

ఇవాళ నత్త చేయలేని పని చేస్తున్నది ఒక ప్లాస్టిక్ గొట్టం. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. అందులో పనిచేసే సైఫన్ సూత్రం చాలా పాతది. క్రీ.పూ. 1500 నాటి ఈజిప్టు చిత్రాల్లోనే పెద్ద జాడీల్లోంచి ద్రవాన్ని వంపు గొట్టాలతో తోడుతున్న మనుషులు కనిపిస్తారు. అలెగ్జాండ్రియాకు చెందిన హీరో క్రీ.శ. మొదటి శతాబ్దంలో సైఫన్ల గురించి వివరంగా రాశాడు. నీళ్లు నిండిన గొట్టం ఒక కొస తొట్టిలో, రెండోది అంతకంటే కింద బకెట్‌లో ఉంటే చాలు. కిందికి దిగే నీటి బరువు వెనకున్న నీటిని లాక్కుపోతుంది. బకెట్ ఎంత కిందికి ఉంటే అంత జోరు.

అయితే మామూలు పైపుతో అడుగు శుభ్రం చేయబోతే మడ్డితోపాటు రాళ్లూ బకెట్‌లోకి వచ్చిపడతాయి. దీనికి విరుగుడుగా పైపు మూతికి వెడల్పాటి పారదర్శక గొట్టాన్ని తగిలించారు. ఈ పరికరంలోని తెలివంతా ఆ వెడల్పులోనే ఉంది. పైపు వ్యాసం 1.25 సెంటీమీటర్లు, మూతి గొట్టం వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుందాం. వ్యాసం 4 రెట్లయితే వైశాల్యం 16 రెట్లు. అంటే పైపులో నీళ్లు సెకనుకు 120 సెంటీమీటర్ల వేగంతో పోతుంటే, మూతి గొట్టంలో అవే నీళ్లు 7.5 సెంటీమీటర్ల వేగంతో మెల్లగా పైకి లేస్తాయి. 3 మిల్లీమీటర్ల గులకరాయి నిలకడ నీటిలో సెకనుకు 20 సెంటీమీటర్లకు పైగా వేగంతో పడుతుంది, కాబట్టి ఈ ప్రవాహం దాన్ని పైపుదాకా మోసుకుపోలేదు. చేపల మలం, కుళ్లిన ఆకు ముక్కలు అంత వేగంగా పడవు. అవి కొట్టుకుపోతాయి. కళ్లంలో ధాన్యం తూర్పారపట్టినట్టే: గింజ కాళ్ల దగ్గర రాలుతుంది, పొట్టు గాలికి పోతుంది.

గొట్టాన్ని గులకరాళ్లలోకి గుచ్చి చూడండి. రాళ్లు ఒక్కసారిగా వదులై, బెత్తెడు ఎత్తు లేచి, ఒకదానికొకటి తగులుతూ గిరగిరా తిరుగుతాయి. వాటి సందుల్లోంచి గోధుమరంగు మడ్డి పొగలా లేచి పైపులోకి పోతుంది. నీళ్లు తేటపడగానే గొట్టం ఎత్తితే రాళ్లు దిగిపోతాయి. రాళ్లు మరీ పైకి ఎగబాకితే పైపును వేళ్లతో నొక్కాలి. సన్న ఇసుక విషయం వేరు. 0.2 మిల్లీమీటర్ల ఇసుక రేణువు సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల వేగంతోనే పడుతుంది, అందుకే అది మడ్డితోపాటే వెళ్లిపోతుంది. ఇసుక తొట్టిలో మూతిని అడుగుకు ఆనించకుండా, కాస్త ఎత్తులో తిప్పుతూ పైన పేరుకున్న మడ్డిని మాత్రమే లాగాలి.

మొక్కలున్న తొట్టిలో ఈ గొట్టాన్ని ఇంకా పొదుపుగా వాడాలి. మలం, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. రాళ్లకు, ఫిల్టర్‌కు అంటుకుని బతికే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రేట్ రెండూ మొక్కకు ఎరువే. డయానా వాల్‌స్టాడ్ 1999లో వచ్చిన తన పుస్తకంలో అడుగున మట్టి పరిచి, ఈ ఎరువు మీదే మొక్కల్ని పెంచే పద్ధతిని వివరించారు. అలాంటి తొట్టిలో గొట్టం గుచ్చితే మట్టి పైకి లేచి నీళ్లు బురదవుతాయి. క్రిప్టోకొరైన్ లాంటి మొక్కలైతే వేళ్లు కదిలితే ఆకులన్నీ కరిగిపోయేంతగా బెదురుతాయి. అక్కడ అడుగును మెల్లగా కలియబెట్టే పని మెలనాయిడిస్ నత్తది. దక్షిణాసియా నీళ్లలో సహజంగా ఉండే ఈ నత్త పగలు ఇసుకలో దూరి, రాత్రి పైకి వస్తుంది. కాకపోతే మేత ఎక్కువైతే సంతానాన్ని విపరీతంగా పెంచుతుంది.

అడుగు తళతళలాడాలన్న పట్టుదల మొక్కల తొట్టికి చేటు. ఖాళీ జాగాలో, ముందు గాజు పక్కన, మేత పడే చోట గొట్టం గుచ్చండి. మొక్కల మధ్య పైపైన తిప్పి వదిలేయండి. గులకరాళ్ల తొట్టిలోనూ అడుగంతా ఒకేరోజు కడగకండి, ఈసారి సగం, వచ్చేసారి సగం చాలు. గొట్టాన్ని నోటితో పీల్చకండి, రబ్బరు బుడ్డి ఉన్నది కొనుక్కోండి. తిరిగి పోసేది కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరిగే మందు కలిపాకే పోయండి.