కోయంబత్తూరు యంత్రశిల్పి: జి.డి. నాయుడుగారు

తెలుగు నేలకు వెలుపల నివసించు తెలుగువారికి స్వభాషను కాపాడుకొనుట ఒక కర్తవ్యము. తామున్న నేలకు మేలు చేయుట మరియొకటి. కన్నడ సీమలో తెలుగు చదువుకొనుచున్న మనకు ఈ రెండవ విషయమున ఆదర్శప్రాయులు గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు.

వారు 1893 మార్చి 23వ తేదీన తమిళదేశమున, కోయంబత్తూరు సమీపమునందలి కలంగల్ గ్రామములో, ఒక తెలుగు రైతు కుటుంబమున జన్మించిరి. బడిచదువు మూడవ తరగతితోనే ముగిసెను. ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును చూచి వారు ముగ్ధులైరి. దానిని కొనుటకై కోయంబత్తూరులో హోటలు సర్వరుగా పనిచేసి, ధనము కూడబెట్టి, ఆ బండినే కొనిరి. పిదప దానిని విప్పి, ఒక్కొక్క భాగమును పరిశీలించి, మరల కూర్చిరి. యంత్రశాస్త్రమున వారికి అదియే ప్రథమ పాఠము.

1920లో ఒక బస్సును కొని, పొల్లాచి, పళని పట్టణముల నడుమ తామే నడపిరి. అదియే క్రమముగా యూనివర్సల్ మోటార్ సర్వీసు అను పెద్ద సంస్థ ఆయెను. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి విద్యుత్ మోటారును నిర్మించిరి. మన దేశమున తయారైన తొలి మోటారుగా దానిని చెప్పుదురు. తీగచుట్టలలో విద్యుత్తు ప్రవహించినపుడు అయస్కాంతశక్తి జనించి ఇరుసును త్రిప్పును. నేడు మన పొలములలో నీరు తోడు మోటారునందలి సూత్రమిదియే.

ఆర్జించిన ధనమును వారు దాచుకొనలేదు. 1945లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయములు వెలయుటకు తోడ్పడి, ప్రిన్సిపాలుగా పనిచేసిరి. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువును రెండేండ్లలో నేర్పవచ్చునని వారి వాదము. ప్రభుత్వము సమ్మతింపకపోగా పదవిని విడిచిరి. గణితమును, భౌతికశాస్త్రమును లోతుగా నేర్చుటకు కాలము పట్టుననుట నిజమే. అయినను చేతితో చేయని చదువు అసంపూర్ణమను వారి అభిప్రాయము నేటికిని ఆలోచింపదగినది. ఆ కళాశాల ప్రభుత్వ సాంకేతిక కళాశాలయను పేర నేటికిని నడచుచున్నది.

నాయుడుగారు 1974 జనవరి 4వ తేదీన పరమపదించిరి. మూడవ తరగతితో బడి విడిచినవారు పరుల బిడ్డల కొరకు కళాశాల కోరిరన్న సంగతి మనము మరువరాదు.

విద్యార్థులారా! మీ ఇంట పాడైపోయిన మోటారు ఉన్నచో, విద్యుత్ తీగ తొలగింపబడినదని నిశ్చయించుకొని, పెద్దల సమక్షమున దానిని విప్పి చూడుడు. తీగచుట్ట ఎచట కాలినదో, ఇరుసు ఎచట అరిగినదో కనుగొనుడు. మరల కూర్చగలిగిననాడు ఆ విద్యను మీ తోటివారికిని నేర్పుడు.