అరబ్బీలో ‘ఉన్నది’ ఎక్కడ?

అరబ్బీ నేర్వబూనిన తెలుగు విద్యార్థి మొదట వెదకునది ‘ఉన్నది’ అను క్రియ. వర్తమానమును దెలుపు సామాన్యవాక్యమున అది కానరాదు. ‘ఇంటిలో ఒక మనిషి ఉన్నాడు’ అనుటకు ‘ఫిల్‌బైతి రజులున్’ అందురు. ‘ఫీ’ అనగా లోపల, ‘బైత్’ ఇల్లు, ‘రజుల్’ మనిషి. క్రియ లేకయే వాక్యము నిండినది.

ఇది మనకు బొత్తిగా క్రొత్త కాదు. ‘ఆయన మా గురువు’ అన్నప్పుడు మనమును క్రియను వాడము. కాని ఉనికిని జెప్పునపుడు తెలుగునకు ‘ఉన్నది’, ‘కలదు’ అనక తీరదు. అరబ్బీ అక్కడను మౌనము వహించును.

మరి ఉనికి ఎట్లు తెలియును? పదముల వరుసవలన. ‘అర్రజులు ఫిల్‌బైతి’ అన్నచో మన మెరిగిన ఆ మనిషి ఇంటిలో ఉన్నాడని అర్థము. ‘ఫిల్‌బైతి రజులున్’ అన్నచో ఎవరో యొక మనిషి ఉన్నాడని అర్థము. తెలిసినది ముందు, క్రొత్తది వెనుక. ‘పుస్తకము బల్లమీద ఉన్నది’, ‘బల్లమీద పుస్తకము ఉన్నది’ అను మన వాక్యముల భేదమును ఇట్టిదే. ఉపాధ్యాయుడు పాఠమును ఇచ్చటినుండియే ఆరంభింపవచ్చును.

‘అక్కడ’ అను నర్థముగల ‘హునాక’ను ముందుంచి ‘హునాక రజులున్ ఫిల్‌బైతి’ అనుటయు కలదు. గతమున ‘కాన’ అను క్రియ వచ్చును. లేమికి ‘లైస’ కలదు; మన ‘లేదు’ వలె అదియు వ్యతిరేకార్థమునకే యేర్పడిన క్రియ.

గ్రీకు తత్త్వశాస్త్రమును అరబ్బీలోనికి దెచ్చినవారికి ఈ మౌనమే చిక్కయినది. 950లో మరణించిన అల్‌ఫారాబీ ‘కితాబుల్ హురూఫ్’ అను గ్రంథమున దీనిని చర్చించెను. ‘ఉన్నది’ అను నర్థమున వారు వాడిన పదములలో ‘మౌజూద్’ ఒకటి. దాని ధాత్వర్థము ‘కనుగొనబడినది’. హైదరాబాదు ఉర్దూలో నేడు వినబడు ‘మౌజూద్’ ఇదియే.

వాడుకభాష తీరు వేరు. ఈజిప్టు, సిరియాలలో ఉనికికి ‘ఫీ’ అందురు. ఇరాకులో ‘అకూ’ అందురు. గల్ఫు దేశములలో మనవారు తరచుగా వినునది ‘మా ఫీ’, అనగా ‘లేదు’. మన ‘ఋణమాఫీ’లోని మాఫీ క్షమార్థకమగు వేరొక ధాతువునుండి వచ్చినది. జీతమడిగిన కూలివానికి ‘ఫులూస్ మా ఫీ’ అను జవాబు వచ్చినచో బాకీ రద్దయినదని కాదు, డబ్బు లేదని అర్థము. ఆ భేద మెరిగినవాడు తన జీతము మరల అడుగగలడు.

కావున విద్యార్థి ‘ఉన్నది’కి సరియగు మాటను వెదకుట మాని, వాక్యమున ఏది ముందున్నదో చూడవలెను.