సైలెన్సరు మరమ్మతు - ఇంజను కంప్యూటరు

వానకాలము వెళ్ళిన పిదప కారు యజమానులు పలువురకు ఎదురగు అనుభవమొకటి కలదు. బండి క్రిందినుండి టపటపమను చప్పుడు మొదలగును. నీటిలోను బురదలోను తిరిగి తుప్పుపట్టిన పొగగొట్టమునకు ఎచ్చటనో చిల్లిపడి యుండును. లేదా అతుకు నడుమనున్న గాస్కెట్టు కాలిపోయి యుండును. మెకానిక్కు వెల్డింగు చేసి, క్రొత్త గాస్కెట్టు వేసి బండిని అప్పగించును. చప్పుడు ఆగిపోవును. కాని స్టీరింగు ఎదుటి మీటర్ల పలకపై ఇంజను బొమ్మగల పసుపుపచ్చని దీపము మాత్రము వెలుగుచునే యుండును. "బ్యాటరీ వైరు కాసేపు తీసి పెట్టండి, అదే పోతుంది" అని ఎవరో ఒకరు సలహా చెప్పుదురు. ఆ సలహా ఎంతవరకు సరియైనది? పెట్రోలు కార్ల మట్టుకు ఈ విషయమును విచారింతము.

పొగగొట్టములోని చిల్లికిని, ఇంజనునకు పెట్రోలు కొలిచి ఇచ్చు కంప్యూటరునకును సంబంధమేమి? ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకములో సుమారు 14.7 పాళ్ళ గాలి కావలెను. ఈ లెక్క తప్పకుండ చూచుట కంప్యూటరు పని. వంట చేయువారు రుచి చూచి ఉప్పు సరిచేసినట్లు, కంప్యూటరు ఇంజనునుండి వెలువడు పొగను రుచి చూచును. దాని నాలుక పొగగొట్టములో బిగించిన ఆక్సిజన్ సెన్సారు. జర్మనీలోని బాష్ సంస్థ తయారుచేసిన ఈ పరికరము 1976లో స్వీడను దేశపు వోల్వో కార్లలో తొలిసారిగా వాడుకలోనికి వచ్చినది. సాధారణముగా వాడు రకము సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కిన పిదపగాని సరిగా పనిచేయదు. పొగలో ఆక్సిజన్ మిగిలియున్న యెడల సుమారు 0.1 వోల్టు, మిగులని యెడల సుమారు 0.9 వోల్టు విద్యుత్తు అందులో పుట్టును.

ఇంజనునుండి పొగ ఏకధారగా రాదు. నాడి కొట్టుకొన్నట్లు తెరలు తెరలుగా వచ్చును. ఒక తెరకును మరియొక తెరకును నడుమ గొట్టములోని పీడనము క్షణకాలము తగ్గును. అప్పుడు చిల్లిగుండ బయటి గాలి లోనికి పీల్చబడును. ఆ చిల్లి సెన్సారునకు ముందుగాని సమీపమునగాని ఉన్నచో, సెన్సారు బయటి గాలిలోని ఆక్సిజనును రుచి చూచి, పెట్రోలు చాలుట లేదని తెలుపును. కంప్యూటరు ఆ మాట నమ్మి పెట్రోలు హెచ్చించును. నిజమునకు కొరతయే లేదు! మైలేజి పడిపోవుటకును, పొగ నల్లబడుటకును ఇది కారణము.

కంప్యూటరు ఈ దిద్దుబాటును రెండు పద్దులలో వ్రాసికొనును. క్షణక్షణమునకు మారునది ఒకటి; బండి నడచిన కొలది నెమ్మదిగా కూడుచు జ్ఞాపకములో నిలుచునది రెండవది. దిద్దుబాటు హద్దు మీరినప్పుడు దీపము వెలిగించి, లోపమునకొక సంఖ్యను నమోదు చేయును. పి 0171 అనగా మిశ్రమములో పెట్రోలు తక్కువైనదని కంప్యూటరు తలచుచున్నట్లు. పి 0420 అనగా పొగలోని విషవాయువులను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరు చాలినంత పని చేయుట లేదని తలచుచున్నట్లు. కన్వర్టరు సమీపమున చిల్లియున్నప్పుడు, అది చెడకపోయినను ఈ రెండవ సంఖ్య కనబడవచ్చును. కన్వర్టరులో ప్లాటినము, పెల్లేడియము, రోడియము వంటి విలువైన లోహములుండును. కావున సంఖ్యను చూచినంతనే కన్వర్టరును మార్పించుటకు తొందరపడరాదు. ముందుగా గొట్టమును, అతుకులను పరీక్షింపవలెను.

ఇక మరమ్మతు పూర్తియైనది. గొట్టము బాగైనను పాత పద్దు కంప్యూటరులో మిగిలియుండును. అందుచే కొంతదూరము పెట్రోలు హెచ్చుగానే పోవును. అయితే సెన్సారు ఇప్పుడు నిజము చెప్పుచున్నది గనుక కంప్యూటరు తన పద్దును తానే దిద్దుకొనును. నేటి కార్లలోని ఏర్పాటు ప్రకారము, వరుసగా మూడు ప్రయాణములలో పరీక్ష జరిగి లోపము కనబడనిచో దీపము సాధారణముగా దానంతటదే ఆరిపోవును. కాబట్టి జ్ఞాపకము చెరపి తీరవలెనను నిర్బంధమేమియు లేదు. చెరపుటవలన లాభము, మరమ్మతు సరిగా కుదిరినదో లేదో త్వరగా తెలియుటయే.

చెరపదలచినచో వరుస తప్పరాదు. మొదట స్కానరుతో లోపసంఖ్యలను చదివించి కాగితముపై వ్రాసికొనవలెను. చెరపినచో వానితోపాటు లోపము పుట్టిననాటి వేగము, ఇంజను వేడి మున్నగు వివరములును పోవును. పిమ్మట, ఉదయము ఇంజను చల్లగానున్నప్పుడు ఆరుబయట బండిని స్టార్టు చేసి, అతుకులవద్ద చప్పుడు వినబడుచున్నదేమో గమనింపవలెను. చిల్లియున్నచోట నల్లని మసి చార కనబడును. ఏ దోషమును లేదని రూఢియైన పిదపనే, ఇంజను ఆపి, తాళము మాత్రము ఆన్ చేసి, స్కానరుతో చెరపవలెను. స్కానరును తగిలించు పదునారు పిన్నుల సాకెట్టు సాధారణముగా స్టీరింగు క్రిందనుండును.

బ్యాటరీ వైరు తీయుట పాత పద్ధతి. నేటి కార్లు కొన్నింటిలో వైరు తీసినను లోపసంఖ్యలు చెరగవు. గడియారము, రేడియో స్టేషనుల అమరిక మాత్రము పోవును; కొన్ని రేడియోలు రహస్యసంఖ్య చెప్పనిదే తిరిగి పలుకవు. తప్పక తీయవలసివచ్చినచో బండితో ఇచ్చిన పుస్తకమును చూచి, నెగటివ్ వైరును ముందుగా తీసి, చివర తగిలింపవలెను.

చెరపిన పిదప కంప్యూటరు మరల మొదటినుండి నేర్చుకొనవలెను. ఎ.సి., దీపములు ఆపి, ఇంజను పూర్తిగా వేడెక్కువరకు నిలిపియుంచిన చోటనే నడువనిండు. తరువాత ఊరిలో ఆగుచు సాగుచు కొంతసేపు, పెద్దరోడ్డుపై ఒకే వేగముతో కొంతసేపు నడుపుడు. రద్దీలేని చోట కాలు ఎక్సిలరేటరునుండి తీసి, బండిని గేరులోనే సాగనిండు. తొలి కిలోమీటర్లలో ఇంజను కొంచెము తడబడినను భయపడనక్కరలేదు. కంప్యూటరు కన్వర్టరును, సెన్సారులను తానుగా పరీక్షించుకొనుటకు కొన్ని దినములు పట్టవచ్చును. ఈలోగా దీపము వెలుగలేదని మరమ్మతు కుదిరినట్లు నిశ్చయింపరాదు. పరీక్ష వ్రాయని విద్యార్థి ఉత్తీర్ణుడైనట్లు కాదుగదా!

ఈ మాట పాత కారు కొనువారు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. బేరమునకు ముందురోజు జ్ఞాపకము చెరపిన బండిలో దీపము వెలుగదు. స్వయంపరీక్షలు ముగిసినవో లేదో స్కానరుతో చూచినచో గుట్టు బయటపడును. అమెరికాలో నివసించు మన తెలుగు కుటుంబములకు ఇది పరిచితమే. అక్కడి పెక్కు రాష్ట్రములలో స్వయంపరీక్షలు ముగియని బండిని పొగ తనిఖీకి వచ్చినను త్రిప్పి పంపుదురు.

చెరపిన దీపము కొన్నాళ్ళకు మరల వెలిగినచో కంప్యూటరును నిందింపకుడు. దోషము ఇంకను కలదనియే దాని భావము. దీపము ఆగి ఆగి వెలుగుచున్నచో, పెట్రోలు మండకుండనే కన్వర్టరులోనికి పోయి దానిని మాడ్చుచున్నదని గ్రహించి, వేగము తగ్గించి, వెంటనే బండిని చూపింపవలెను.

అన్నిటికంటె మిన్నయైన విషయమొకటి కలదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసన లేదు. చిల్లిపడిన గొట్టమునుండి అది అడుగు రంధ్రములగుండ బండిలోనికి చేరవచ్చును. ప్రయాణములో తలనొప్పి, తలతిరుగుట, వికారము కలిగి, దిగిన కొంతసేపటికి తగ్గినచో అది ఎండదెబ్బయని త్రోసివేయరాదు. వెనుక సీటులో నిద్రించు పసిపిల్లలు తమ బాధను చెప్పలేరు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజనును ఎన్నడును నడుపరాదు.

జ్వరమానిని దులిపినంతమాత్రమున జ్వరము తగ్గదు. మొదట మరమ్మతు, పిదప చెరపుట, ఆ తరువాత కొన్నాళ్ళ ఓపిక - ఈ వరుస పాటించినవారికి పెట్రోలును మిగులును, ప్రాణభయమును తప్పును.